ఎనిమిది రోజుల గడియారం

మా మేనత్త పోయిందని, ఆమె ఉంటున్న బంగళా ఇల్లాలు ఫోను చేసి చెప్పింది. మంగళవారం పొద్దున. నేను ఆఫీసుకు వచ్చి సంచి బల్ల మీద పెట్టానో లేదో సెల్లు మోగింది. "వదిన ఇంకా లేవలేదేందా అని తలుపు తోసినానమ్మా. నిద్దట్లోనే పోయినట్టుండాది. నువ్వు బిన్నా రా" అంది.

ఆటోలో వెళుతూ నేను ఏడవలేదు. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో చెప్పలేను. డెబ్బై రెండేళ్ళ మనిషి మంచాన పడకుండా, ఒకరిచేత చేయించుకోకుండా పోయింది, అదృష్టవంతురాలు అని ఆ రోజు చాలామంది అన్నారు. నిజమే కావచ్చు. కానీ ఆమె ఆ గదిలో ఎలా కట్టుబడి బతికిందో చూసినదాన్ని కదా, చివరికి ఆ గదిలోంచే పోయిందే అని నా కడుపుమంట. నేను వెళ్ళేసరికి హాల్లో గడియారం పది కొడుతోంది. చుట్టూ కూర్చున్నవాళ్ళు పది గంటలూ అయ్యేదాకా మాటలు ఆపి, మళ్ళీ మొదలుపెట్టారు.

ఆ గడియారం గురించి చెప్పకుండా మా అత్త గురించి చెప్పడం నా వల్ల కాదు. మీలో చాలామంది అలాంటిదాన్ని చూసి ఉండరు. అది గోడకు తగిలించే రకం కాదు. నేల మీద నిలబడుతుంది, మనిషికంటే ఎత్తు. ఇంగ్లండులో రెండు వందల ఏళ్ళ కిందట చేసింది. ఎర్రటి చెక్క పెట్టె, దానికి పొడుగాటి తలుపు. తలుపు తీస్తే లోపల రెండు సీసం గుండ్లు తాళ్ళకు వేలాడుతుంటాయి, వాటి వెనకాల గజం పొడుగు లోలకం. తెల్లటి ముఖానికి నాలుగు మూలలా గులాబీలు. అంకెలకు పైన సముద్రం బొమ్మ, దాని మీద చిన్న రేకు ఓడ. లోలకం ఊగినప్పుడల్లా ఆ ఓడ కూడా అటూ ఇటూ ఊగుతుంది. ఉప్పుగాలికి తుప్పు పట్టిన టైంపీసును అత్త దగ్గర బాగుచేయించుకోవడానికి కురుచికుప్పం నుంచి చేపలమ్మే ఆమె ఒకతె వచ్చేది. వచ్చినప్పుడల్లా ఆ ఓడను చూసి, "ఏం పడవమ్మా ఇది, పొద్దస్తమానం పోతానే ఉంటాది, యాడికీ పోదే" అని అరవంలో ఎగతాళి చేసేది. ఆ మాటకు అత్త ఒక్కసారి కూడా నవ్వగా నేను చూడలేదు.

ఫ్రెంచివాళ్ళు ఏలిన ఈ పాండిచ్చేరిలో ఇంగ్లీషు గడియారం ఏమిటని మీకు అనిపించవచ్చు. బంగళా పెద్దాయన తండ్రి మద్రాసులో ఎవరో దొర ఊరు విడిచి పోతూ సామాను వేలం వేస్తే కొని, ఎద్దుబండి మీద పాండిచ్చేరికి తెచ్చాడట. భోజనానికి వచ్చిన ఫ్రెంచి దొరలు దాన్ని చూసి మూతి ముడుచుకునేవాళ్ళని ఆ ఇంట్లో గొప్పగా చెప్పుకుంటారు. వాళ్ళదీ మాదీ ఎన్నో తరాల కిందట ఇటు వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలే. వాళ్ళకు పొలాలు ఉండేవి, మాకు పనిముట్లు ఉండేవి.

మా మామ గడియారాలు బాగుచేసేవాడు. బంగళా గడియారాన్ని ఏడాదికోసారి ఆయనే విప్పి, కడిగి, బిగించేవాడు. విప్పిన చక్రాలను వరస తప్పకుండా గుడ్డ మీద పేర్చే పని అత్తది. అలా పేరుస్తూ పేరుస్తూ ఆమె మొత్తం పని నేర్చుకుంది. మామ కామెర్లతో పోయేనాటికి ఆమెకు ముప్పై ఆరేళ్ళు. పిల్లల్లేరు. తిరుత్తణి దగ్గర పల్లెలో ఉన్న తమ్ముడు, అంటే మా నాన్న, వచ్చేయమన్నాడు. తమ్ముడి ఇంట్లో వంటింటి మూల కూర్చోవడానికి ఆమెకు మనసొప్పలేదు. పదకొండో రోజున బంగళా పెద్దాయన వచ్చి, అందరి ముందరా ఒక మాట చెప్పాడు.

"అమ్మా, మా గడియారాన్ని నీ మొగుడు తప్ప ఇంకొకరు ముట్టింది లేదు. నువ్వొచ్చి మా ముందుగదిలో ఉండు. అది నడిచినంత కాలం ఆ గది నీది."

అది నడిచినంత కాలం. మరి ఆగిపోతే? అత్త ఆ ప్రశ్న అడగలేదు. అడిగితే ఏదో ఒక జవాబు వస్తుందని భయం. పెద్దాయన కొన్నేళ్ళకు పోయాడు, కొడుకు ఇంటి పెద్ద అయ్యాడు. అతన్ని కూడా ఆమె అడగలేదు. మాట మాత్రం ఆమె మెడ చుట్టూ అలాగే ఉండిపోయింది.

గడియారానికి ఒకసారి కీ ఇస్తే ఎనిమిది రోజులు నడుస్తుంది. అత్త ఎనిమిదో రోజు దాకా ఎప్పుడూ ఆగలేదు. ప్రతి శుక్రవారం పొద్దున తలంటి పోసుకుని, తడి జుట్టు ముడి వేసుకుని, బొడ్లో దోపుకున్న కీ తీసి గడియారం ముందు నిలబడేది. ముఖం మీద రెండు రంధ్రాలు ఉంటాయి, ఒకటి నడకకు, ఒకటి గంటలు కొట్టడానికి. తిప్పుతుంటే లోపల గుండ్లు ఒక్కొక్కటే పైకి వస్తాయి. అప్పుడు ఎవరు పలకరించినా పలికేది కాదు. బుధవారం, గురువారం ఆమెకు గండం. ఆ రెండు రోజుల్లో గుండ్లు దిగి దిగి లోలకం బిళ్ళ ఎత్తుకు వస్తాయి. పెట్టె కాస్త కదిలిందంటే గుండ్లు కూడా ఊగడం మొదలుపెట్టి లోలకం ఊపును తినేస్తాయి, గడియారం ఆగిపోతుంది. అందుకని ఆ రెండు రోజులూ హాల్లో ఎవరైనా కాలు గట్టిగా వేసి నడిస్తే గదిలోంచి అత్త గొంతు వినబడేది, "మెల్లగా, మెల్లగా" అని. ఆ ఇంటి యజమాని కూడా తన ఇంట్లో తాను దొంగలా నడిచేవాడు.

నాకు పాండిచ్చేరిలో సర్కారు ఉద్యోగం వచ్చాక, ముత్యాలుపేటలో అద్దెకుంటూ, ప్రతి ఆదివారం ఆమె దగ్గరికి వెళ్ళేదాన్ని. అత్త నూనె సీసాలో సూది ముంచి, సూదిమొన మీద నిలిచిన చుక్కను మాత్రమే ఇరుసుకు అంటించేది. "ఎక్కువ పోస్తే దుమ్మును పిల్చుకుంటాదే" అనేది. శబ్దం విని జబ్బు చెప్పేది. టక్కుకూ టక్కుకూ మధ్య ఎడం సమానంగా ఉండాలి, ఒకటి కుంటితే పెట్టె కింద అట్టముక్క దోపాలి. ఒకసారి నేను, కీ ఎలా ఇవ్వాలో నేర్పించత్తా, నీకు ఒంట్లో బాగలేనప్పుడు నేను తిప్పుతాను అన్నాను.

"నీకు నేర్పిస్తే నువ్వు ఇంకొకరికి నేర్పిస్తావు. అప్పుడు నేనెందుకే ఈడ?" అంది. నవ్వుతూనే అంది. కీ మాత్రం నాకు ముట్టుకోవడానికి కూడా ఇవ్వలేదు.

అది నడిపేది ఆమె ఒక్కతే, కాబట్టి ఆమె ఎక్కడికీ పోలేదు. పెళ్ళిళ్ళకు వచ్చేది, రెండు రోజుల్లో తిరుగుబస్సు. మా అవ్వ, అంటే అత్తకు కన్నతల్లి, ఆఖరి జబ్బున పడినప్పుడు మాత్రం శుక్రవారం కీ ఇచ్చిన వెంటనే బయలుదేరి మా పల్లెకు వచ్చింది. నాకు అప్పటికి ఇరవై ఏళ్ళు, ఉద్యోగం ఇంకా రాలేదు. ఆ ఆరు రోజులూ అవ్వ మంచం కాళ్ళవైపే కూర్చుని పాదాలు పిసుకుతూ ఉంది. గురువారం పొద్దున సంచి సర్దుకుంది. అవ్వ ఆమె వేలు పట్టుకుని, "ఇంకొక పూట ఉండి పోవే" అంది. "రేపు కీ ఇచ్చి, శనివారానికంతా ఈడ ఉంటాను మా" అని అత్త వేలు విడిపించుకుంది. శుక్రవారం మధ్యాహ్నం అవ్వ పోయింది. అత్త శనివారం వచ్చింది, చెప్పినట్టే.

వాకిట్లో మా నాన్న ఆమెను ఒకటే అడిగాడు, "గడియారం బాగుండాదా?" అని. ఆ తరువాత చాలా ఏళ్ళు అక్కతో సరిగా మాట్లాడలేదు. నేను కూడా లోపల నాన్న పక్షమే. నేను ఆదివారాలు ఆమె దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టింది ప్రేమతో కాదు. ఆ గడియారంలో అంత ఏముందో చూద్దామని వెళ్ళాను. ఈ మాట ఆమె ఉండగా ఒప్పుకునే ధైర్యం నాకు లేకపోయింది.

గడియారం ముఖం మీద దాన్ని చేసినవాడి పేరు, అతని ఊరి పేరు ఇంగ్లీషులో ఉన్నాయి. అత్తకు ఇంగ్లీషు రాదు. తెలుగు కూడా మాట్లాడటమే, రాయడం రాదు. ఏదైనా గుర్తు రాసుకోవాలంటే తెలుగు మాటల్నే అరవ అక్షరాల్లో రాసుకునేది. నేనిప్పుడు రాస్తున్నది ఆమె బతికుంటే నేనే చదివి వినిపించాల్సి వచ్చేది. పేరు చదివి చెబితే, "వాడు అంగట్లో కూర్చున్నోడు. చక్రాల పళ్ళు కోసినోడు వేరే, ముఖానికి రంగులేసినోడు వేరే, పెట్టె చేసిన ఆసారి వేరే. మీ మామ చెప్పేవాడు" అంది. నిజమే, ముఖం వెనక ఇనప పలక మీద వేరే పేరు ఉంది. ఇత్తడి రేకుల మీద, అప్పుడప్పుడు బాగుచేసినవాళ్ళు సూదితో గీసుకున్న పేర్లూ సంవత్సరాలూ ఉన్నాయి. పెట్టె చేసిన వడ్రంగి పేరు మాత్రం ఎక్కడా లేదు. "పాపం, అంత పెట్టె చేసినాడు" అని ఆమె ఆ చెక్కను చేత్తో నిమిరేది.

ఊళ్ళో బ్రౌజింగ్ సెంటర్లు వచ్చిన కొత్తలో ఒక రోజు ఆఫీసు నుంచి వస్తూ గడియారం ముఖం మీది పేరును నెట్‌లో వెతికాను. అతని గురించి దొరికింది నాలుగు వరుసలు. చిన్నప్పుడే ఒక గడియారాల పనివాడి దగ్గర పనికి కుదిరాడట. ఏడేళ్ళ ఒప్పందం. ఆ ఏడేళ్ళూ యజమాని ఇంట్లోనే ఉండాలి, అడక్కుండా గడప దాటకూడదు, పెళ్ళి చేసుకోకూడదు. ఆ కాలంలో అక్కడ పని నేర్చుకునే ప్రతివాడికీ అవే షరతులట. కాగితం తీయించుకుని వెళ్ళి అత్తకు చదివి చెప్పాను. చేతిలో పట్టకారు పక్కన పెట్టి విన్నది.

"ఏడేండ్లేనా?" అంది. పట్టకారు మళ్ళీ చేతిలోకి తీసుకుని, "ఏడేండ్లకు వదిలేసినారా వాణ్ణి?" అని అడిగింది.

వదిలేశారు అన్నాను. అప్పటికి అత్త ఆ గదికి వచ్చి ఏడుకు ఎన్నో రెట్లు దాటింది. మేమిద్దరం ఆ లెక్క పైకి అనలేదు.

సునామీ వచ్చిన ఆదివారం నేను పొద్దున్నే బయలుదేరి వెళుతుంటే జనం ఎదురు పరుగెత్తుకొస్తున్నారు. వైతికుప్పం వైపు నుంచి తడి చీరలతో ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని వస్తున్నారు. బంగళావాళ్ళు కారులో ఊరవతలికి వెళ్ళిపోతూ అత్తను కూడా రమ్మన్నారట. నేను వెళ్ళేసరికి తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి, ఆమె ఒక్కతే గడియారానికి వీపు ఆనించి నేల మీద కూర్చుని ఉంది. పద పదా అని చెయ్యి పట్టి లాగితే రాలేదు. "నీళ్ళొస్తే గుండ్లు పైకి తిప్పాల. నేను పోతే ఎవరు తిప్పుతారు?" అంది. నీళ్ళు ఆ వీధి దాకా రాలేదు. వచ్చి ఉంటే ఇద్దరం అక్కడే ఉండేవాళ్ళం, ఎందుకంటే నేను కూడా ఆమెను వదిలి పోలేక పక్కనే కూలబడ్డాను. ఆ రోజు ఆమెను నోటికొచ్చినట్టు తిట్టాను.

ఆ తరువాత రెండో ఏడు ఊరంతా కీళ్ళజ్వరం. అత్తకు కూడా వచ్చింది. జ్వరం తగ్గినా చేతులు పైకి లేవవు, వేళ్ళు ముడుచుకోవు. శుక్రవారం రెండు చేతులతో కీ పట్టుకుని, పళ్ళు బిగబట్టి, ఒక్కో చుట్టుకు ఆగి ఆగి తిప్పేది. ఆ స్థితిలోనే ఆయుధపూజ వచ్చింది. మావైపు ఆ రోజున ఇంట్లో పనిచేసే ప్రతి వస్తువుకూ గంధం, కుంకుమ పెట్టి, ఇక ఆ రోజంతా దాన్ని ముట్టుకోకుండా విశ్రాంతి ఇస్తాం. కత్తిపీట, కుట్టుమిషను, సైకిలు, అన్నింటికీ. అత్త ఏటా తన స్క్రూడ్రైవర్లు, పట్టకార్లు, చిన్న సుత్తి పీట మీద పేర్చి పూజ చేసేది. గడియారానికి మాత్రం పెట్టె తలుపు మీద, బయట, ఒక్క బొట్టు. "ఇది పండుకుంటే మనం లేచి పోవాల" అనేది.

ఆ ఏడు పూజ నువ్వే చెయ్యమని నాకు చెప్పి ఆమె గదిలో పడుకుంది. బంగళావాళ్ళు కడలూరులో చుట్టాలింటికి వెళ్ళారు, మర్నాటికి గానీ రారు. నేను స్క్రూడ్రైవర్లకు బొట్లు పెట్టాను. గడియారం తలుపుకు పెట్టాను. తరువాత నాకు ఒక తెలివితక్కువ ఆలోచన వచ్చింది. ఇంతకాలం మా అత్తను కాపాడిన చక్రాలు, వాటికి ఏడాదికి ఒక్క బొట్టైనా లేదా అని. స్టూలెక్కి, అత్త చేస్తుండగా చూసినట్టే పైన ఉన్న చెక్కగూడును ముందుకు జరిపి తీశాను. చిటికెన వేలితో, అందిన ప్రతి చక్రానికీ గంధం, గంధం మీద కుంకుమ. లోలకం బిళ్ళకు పెద్ద బొట్టు. ఎంత అందంగా ఉందో అనుకుని, గూడు మళ్ళీ పెట్టేసి వంటకు వెళ్ళాను.

మధ్యాహ్నం మూడింటికి గదిలోంచి అత్త అరిచింది, "ఏమాయె?" అని. నాకు ఏమీ వినబడలేదు. ఏమీ వినబడకపోవడమే సంగతి అని అప్పుడు తెలిసింది.

ఆమె వచ్చి, గూడు తీయించి చూసింది. నన్ను కొడుతుందనుకున్నాను. "ఏందే ఈ పని... గంధం ఎండితే ఇసక మాదిరి గదే, పళ్ళల్లో చేరిపాయె" అంది. గోడ పట్టుకుని మెల్లగా నేల మీద కూర్చుంది. "నా గది పాయె" అంది. అంత చిన్న గొంతుతో ఆమె మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

ఆ సాయంత్రం ఆమె చెబుతుంటే నేను విప్పాను. మొదటిసారి ఆ పని నాకు నేర్పింది, వేరే దారి లేక. కిరసనాయిలులో పళ్ళ బ్రష్షుతో ఒక్కో చక్రం తోమి, ఆరబెట్టి, మళ్ళీ బిగించాం. మర్నాడు పొద్దున లోలకం తగిలించే పని మాత్రం ఆమె నాకు ఇవ్వలేదు, తానే చేస్తానంది. లోలకం ఒక సన్నటి ఉక్కు రేకు మీద వేలాడుతుంది, మల్లె రేకంత పలుచన. వాచిన వేళ్ళు పట్టు తప్పాయి. రేకు టప్పున తెగింది. అలాంటిది పాండిచ్చేరిలో దొరకదు. మా ఆఫీసులో ఒకతని తమ్ముడు చెన్నైలో ఉంటే అతనికి ఫోను చేశాను. పాత సామాన్ల అంగళ్ళలో వెతికి పంపించడానికి నాలుగు రోజులు పడుతుందన్నాడు.

ఆ నాలుగు రోజులు ఏం చెయ్యాలి? బంగళా యజమాని మధ్యాహ్నం ఒంటిగంటకు భోజనానికి వస్తాడు. రాగానే తన చేతివాచీని ఆ గడియారంతో సరిచూసుకోవడం ఆయనకు అలవాటు. అత్త తీసుకున్న నిర్ణయం చెబితే మీరు నవ్వుతారు. మేము నవ్వలేదు. ఆమె హాల్లోనే కుర్చీ వేసుకుని కూర్చుంది, ఒళ్ళో నా వాచీ పెట్టుకుని. ఐదు నిమిషాలకోసారి లేచి, స్టూలెక్కి, నొప్పి చేత్తో పెద్దముల్లును తోసేది. గంటలు కొట్టే పని నాది. సెలవు పెట్టాను. గడియారంలోని గంటను ఊడదీసి గదిలోకి తెచ్చుకుని, తలుపు చాటున నిలబడి చెంచాతో కొట్టేదాన్ని. రెండో రోజు కంగారులో పన్నెండుకు పదమూడు కొట్టాను. వంటింట్లో ఇల్లాలు పోపు గరిటె ఆపింది. మళ్ళీ తిప్పడం మొదలుపెట్టింది.

టక్కు టక్కుమనే శబ్దాన్ని మాత్రం మేము చెయ్యలేకపోయాం. ఓడ కూడా ఊగలేదు. ఆ ఇల్లంతా చెవుడు వచ్చినట్టు ఉంది. ఎవరికైనా తెలిసిపోతుంది. తెలిసిపోతుందని మాకూ తెలుసు. అయినా అత్త మూడు రోజులు నీళ్ళు కూడా సరిగా తాగకుండా, బయటికి పోవాల్సి వస్తుందని, ఆ కుర్చీకి అతుక్కుని ఉంది. ఆమెను అలా చూస్తూ, ఈ మనిషిని ఈ గదిలోంచి ఎత్తుకుని ఎక్కడికైనా పారిపోవాలనిపించింది నాకు.

మూడో రోజు యజమాని పదకొండింటికే వచ్చేశాడు. అత్త స్టూలు మీద ఉంది, వేలు ముల్లు మీద ఉంది.

"ఏందక్కా, గంటల్ని నువ్వే తోస్తాండావా?" అన్నాడు.

అత్త దిగలేదు. వేలు తియ్యలేదు. "రేపు రేకు వస్తాది నాయనా. ఎల్లుండికి నడుస్తాది. ఆగలేదు అనుకో. రెండు దినాలు ఓర్చుకో" అంది. నేను గదిలోంచి వచ్చి, తప్పు నాది, బొట్లు పెట్టింది నేను అన్నాను. ఆయన మా ఇద్దరినీ అయోమయంగా చూశాడు.

"ఆగితే ఆగనీ, దానికెందుకక్కా ఈ పాట్లు?"

"మీ నాయన మాట ఉండాది గదా. అది నడిచినంత కాలమే గదా గది."

ఆయనకు గుర్తు రావడానికి కాస్త సమయం పట్టింది. గుర్తొచ్చాక నవ్వాడు. మంచి కబురు చెబుతున్నవాడి నవ్వు. "అయ్యో అక్కా! అది మా నాయన చేసిన ఉపాయం. ఊరికే ఉండమంటే నువ్వు ఉండవు, మానం గల మనిషి, మర్నాడే మూట కట్టుకుని పోతాది, ఏందో ఒక పని పెట్టాల అని ఇంట్లో మాతో అన్నాడు. గడియారం లేకుంటే చెట్లకు నీళ్ళు పొయ్యమనుండేవాడు. గది నీదే. ఎప్పుడూ నీదే."

అత్త స్టూలు దిగింది. దిగేటప్పుడు నా భుజం పట్టుకుంది, ఆ పట్టు నాకింకా తెలుస్తుంది.

"ఆ ముక్క మీ నాయన నాతో అనుండొచ్చు గదప్పా" అంది.

"అంటే నువ్వు ఉండవని గదక్కా."

"ఆమా. ఉండను" అంది, ఒప్పుకుంటున్నట్టు.

గదిలోకి వెళ్ళి, మంచం అంచున కూర్చుని, గోడను చూస్తూ ఉండిపోయింది. నేను పక్కన కూర్చున్నాను. నాతోనో గోడతోనో, "మాయమ్మ ఒక్క పూటే గదే అడిగింది" అంది. అప్పుడు ఏడ్చింది. పెద్దాయన చెడ్డవాడైతే ఆయన్ని తిట్టుకుని తేలికపడేది. ఆయన దయగలవాడు కాబట్టి ఆమెకు తిట్టడానికి ఎవరూ మిగల్లేదు. నాన్నతో కలిసి ఇన్నేళ్ళు ఆమెను దోషిగా చూసిన నాకు ఆ గదిలో ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

రేకు వచ్చింది. గడియారం మళ్ళీ నడిచింది. అత్త పోయే వారం దాకా శుక్రవారాలు దానికి కీ ఇస్తూనే ఉంది. ఇంక నీకేం పని, నా దగ్గరికి వచ్చి ఉండు అని ఎన్నిసార్లు పిలిచానో. "యాడికి పోతానే ఇప్పుడు. ఈ చెవికి ఆ శబ్దం లేకపోతే నిద్దర రాదు" అనేది. తలుపు తీసి ఉందని చెప్పిన తరువాత కూడా ఆమె ఆ గదిలోనే ఉండిపోయింది. నేను పైన చెప్పిన కోపం, బహుశా, దీని మీదే.

ఒక్కసారి మాత్రం ఆ శుక్రవారం కట్టు దాటింది. గడియారం బాగయిన నెలలోనే, ఒక శుక్రవారం, కీ ఎలా ఇవ్వాలో బంగళా ఇల్లాలికి చూపించి, ఆమె చేతిలో కీ పెట్టి, నన్ను వెంటబెట్టుకుని మా పల్లెకు బయలుదేరింది. వాకిట్లో మా నాన్న లేచి నిలబడ్డాడు. అవ్వ పోయినప్పటి నుంచి అక్కాతమ్ముళ్ళ మధ్య ముక్తసరి మాటలే. "ఎన్నాళ్ళుంటావు?" అన్నాడు. "తెలీదురా" అంది అత్త. నేను నాన్నకు బంగళాలో జరిగినదంతా చెప్పాను. విని, లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

గురువారం పొద్దున నాన్న, "బస్సుకు టైమాయెనే" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు, అలవాటుగా నోట్లోంచి వచ్చింది. "పోనీరా బస్సు" అంది అత్త.

శుక్రవారం తలంటి పోసుకుని వచ్చి, "అమ్మ మంచం ఉండాదా?" అని అడిగింది. నాన్న నిచ్చెన వేసుకుని అటక మీంచి తానే దింపాడు. బూజు దులిపి, గుడ్డతో తుడిచి, అవ్వ పడుకునే చోటే, అదే గోడ పక్కన వేశాడు. అత్త కాళ్ళవైపు కూర్చుంది. నాన్న తలవైపు నేల మీద కూర్చున్నాడు. మా అమ్మ రెండుసార్లు అన్నానికి పిలిచింది, మూడోసారి నన్ను పంపింది. నేను గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయాను. నాన్న కళ్ళు మూసుకుని గోడకు ఆనుకుని ఉన్నాడు. అత్త వాచిన వేళ్ళు ఆ ఖాళీ నవారు మీద, పాదాలుండే చోట, మెల్లగా పిసుకుతున్నాయి.